వేలిముద్రలు అరిగిన వాడి విదేశీ ప్రయాణం

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు మా ఊళ్ళో బాధపడిన ప్రాణి ఒక్కటే, మా లెక్కల మాస్టారి గేదె. రోజూ దానికి గడ్డి కోసి వేసింది నేనే మరి. మాస్టారు మాత్రం "పోనీలేరా, మిగతా వాళ్ళయినా బాగుపడతారు" అన్నారు. ఈ సంగతి పదిమందిలో నేనే చెప్పి నవ్వించేవాణ్ణి. నా మీద జోకు నేనే వేసుకుంటే ఇంకొకడికి ఆ అవకాశం ఉండదని నా ధీమా. ఆ ఏడో తరగతి ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చి నా పాస్‌పోర్టులో కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

నాది కొబ్బరికాయల ఒలుపు పని. రామచంద్రపురం దగ్గర ఒక వ్యాపారి గారి దొడ్లో, నేలలో పాతిన ఇనప గునపం ముందు నిలబడి, కాయని దాని మొన మీద పొడిచి, మెలి తిప్పి, డొక్క ఊడదీసి పక్కన పడేయడం. ఇరవై అయిదేళ్ళుగా ఇదే. పీచు ఒరుసుకుని ఒరుసుకుని నా పది వేళ్ళ మీదా గీతలన్నవి మిగల్లేదు. రేషన్ బియ్యానికి వెళ్తే మెషీన్ నన్ను గుర్తుపట్టదు. డీలరు గారు బొటనవేలితో మొదలుపెట్టి చిటికెన వేలిదాకా వచ్చి, "అసలు నువ్వు నువ్వేనా?" అని అడిగేవారు. "ఇంటి దగ్గర మా ఆవిడ కూడా అదే అడుగుతుందండి" అనేవాణ్ణి. వెనకాల వరస అంతా నవ్వేది. "ఆ వేలు ఓసారి తలకి రుద్దుకుని పెట్టవయ్యా" అనేవారాయన చివరికి. తల నూనె అంటితే ఒక్కోసారి పడేది, ఒక్కోసారి పడేది కాదు. పడకపోతే మా ఆవిడ వచ్చి వేలు పెట్టి బియ్యం తెచ్చుకునేది. అప్పట్లో అదంతా నాకు నవ్వులాటే.

మా ఆవిడ కువైట్‌లో ఆరేళ్ళు పనిచేసి వచ్చింది. మా ఇంటికి స్లాబు పడింది ఆ జీతంతోనే. ఒకే ఇంట్లో వంట, బట్టలు, పిల్లలు. కువైట్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే "వంటిల్లు పెద్దదండి" అనేది. అంతకు మించి చెప్పడానికి ఆవిడ చూసింది ఏమీ లేదు. సముద్రానికి తీసుకెళ్ళేవారట. ఇంటివాళ్ళు దిగి ఇసుకలో నడుస్తుంటే ఈవిడ చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని కారులోనే కూర్చునేదట, అద్దం ఎత్తి.

పోయిన వేసవిలో ఆవిడ చీటీ చేతికొచ్చింది. ఫ్రిజ్జు కొంటుందనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎంగిలి కంచాలు తీస్తూ అంది.

"ఏమండీ, ఒక్కసారి విదేశం వెళ్దామండి."

"నువ్వు వెళ్ళొచ్చావు కదే."

"నేను వెళ్ళలేదండి. మీరు పంపించారు."

ఆవిడే మళ్ళీ అంది: "సముద్రం పక్కన ఏదన్నా ఊరు. వాన పడాలి, చెట్లుండాలి, ఆ ఎడారి నాకొద్దు. పొద్దున్న ఎనిమిదింటి దాకా పడుకోవాలి. లేచేసరికి ఎవరో ఒకరు టీ తెచ్చి చేతికివ్వాలి. ఒక్క గిన్నె కూడా నేను తోమకూడదు. నాలుగు రోజులు చాలు."

మర్నాడే ఇద్దరం రామచంద్రపురంలో నెట్ సెంటర్‌కి వెళ్ళాం. దాన్ని నడిపే అమ్మాయికి మా ఇద్దరి ఆధార్లు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ తెలుసు. మమ్మల్ని బాబాయ్ గారూ, పిన్నిగారూ అంటుంది. తక్కువలో అయిపోయే ఊరు ఏదైనా చూడమన్నాం. ఆ అమ్మాయి కాసేపు కంప్యూటర్‌లో వెతికి, స్క్రీన్ మా వైపు తిప్పింది. నీలం సముద్రం, దాని ఒడ్డున పెంకుటిళ్ళు, వెనకాల ఆకుపచ్చ కొండ.

"పెనాంగ్ అని, మలేషియాలో పిన్నిగారూ. మనలాగే అన్నం తింటారు. ఇడ్లీలు కూడా దొరుకుతాయట. వీసా గొడవ లేదు, ఫోన్లో ఒక ఫారం నింపితే చాలు. విశాఖలో ఎక్కితే కౌలాలంపూర్‌లో దింపుతాడు. అక్కణ్ణుంచి బస్సు. ఆషాఢంలో అయితే టికెట్టు చవక. మంగళవారం అయితే ఇంకా చవక."

"మంగళవారం ప్రయాణమా?" అన్నాను. నాకు అలాంటి పట్టింపులేమీ లేవు. ఏదో ఒక అడ్డం దొరుకుతుందేమోనని, అంతే.

"చవగ్గా వస్తే ఏ వారమైతే ఏంటండి" అంది మా ఆవిడ. "వాళ్ళకి మంగళవారం అంటే ఏంటో కూడా తెలియదు."

అలా పని మొదలైంది. పాస్‌పోర్టులకి పెట్టాం. ఆవిడ పాతది గడువు దాటిపోయింది, నాకు అసలు లేదు. పాస్‌పోర్టు ఆఫీసులో వేలిముద్రల దగ్గర కూర్చున్న అమ్మాయి నా చేత నాలుగైదుసార్లు నొక్కించి, వచ్చినంత చాల్లెమ్మని వదిలేసింది. అప్పుడు కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. పుస్తకాలు ఇంటికి వచ్చాక నెట్ సెంటర్ అమ్మాయి రెండూ తిప్పి చూసి, నాది మళ్ళీ తిప్పింది. అందులో మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఆవిడ దాంట్లో లేవు.

"ఇదేంటమ్మా?"

"పది పాసవ్వని వాళ్ళకి వేస్తారు బాబాయ్ గారూ. పని కోసం వెళ్ళి మోసపోతారని. వెళ్ళే ముందు చూసి పంపాలని గుర్తు. మలేషియా కూడా ఆ దేశాల్లో ఉంది."

"మరి మీ పిన్నికి లేదే? ఆవిడ అయిదో తరగతి."

"ఆవిడ మూడేళ్ళకి పైన విదేశంలో ఉన్నారు కదండి. ఆవిడకి అక్కర్లేదు."

అంటే గవర్నమెంటు లెక్కలో ఆవిడ లోకం చూసిన మనిషి, నేను మోసపోయే మనిషి. "ఇన్నాళ్ళకి కాగితం మీద రాసిచ్చారండి" అంది మా ఆవిడ. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"టూరుకి అడ్డం కాదులెండి" అంది ఆ అమ్మాయి. "రానూపోనూ టికెట్టు, హోటలు కాగితం చూపిస్తే పంపుతారు. పనికి వెళ్తున్నారని అనుమానం వస్తేనే ఆపుతారు. అక్కడ దిగాక వేలిముద్రలు పెట్టాలి, రెండు చూపుడు వేళ్ళూ."

"పడకపోతే?"

"పడతాయిలెండి."

ఆ 'లెండి' నాకు నచ్చలేదు. మా రేషన్ డీలరు గారు కూడా అలాగే అంటారు.

భయం ఆ రోజు మొదలైంది. విమానం అంటే కాదు. పడిపోతే అందరితో పాటు పడిపోతాం, అందులో నా తప్పేమీ ఉండదు. నా భయమంతా నా చేతుల మీద. పదిహేనేళ్ళ కిందట ఆవిడని కువైట్ పంపడానికి హైదరాబాద్ విమానాశ్రయం దాకా వెళ్ళాను. లోపలికి నన్ను రానివ్వలేదు. అద్దానికి నుదురు ఆనించి చూస్తూ నిలబడ్డాను. చేతిలో ఒక సంచితో, తనలాంటి మరో ఏడెనిమిది మంది ఆడవాళ్ళతో వరసలో వెళ్తూ ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగింది. నేను ఏదో నవ్వించే సైగ చేశాను. చూసిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళకి బదులుగా ఆవిడ అడిగింది నాలుగు రోజుల నిద్ర. నా పది వేళ్ళలో రెండు సరిగ్గా లేక అది కూడా పోతే, మిగిలిన కాలం ఆ ఇంట్లో ఆ స్లాబు కింద నేను ఏ మొహం పెట్టుకుని పడుకోవాలి?

పని దొడ్లో చెప్తే ధైర్యం చెప్తారనుకుని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఒక్కొక్కరు ఒక్కో కథ తీశారు. మండపేట వైపు ఎవరినో విమానం మెట్ల దగ్గర్నుంచి వెనక్కి పంపేశారట. ఇంకెవరినో అక్కడ దిగాక ఒక గదిలో కూర్చోబెట్టి, వచ్చిన విమానంలోనే తిరిగి ఎక్కించారట. నా పక్క గునపం దగ్గర ఒలిచేవాడు ఒకప్పుడు మస్కట్ వెళ్ళి పదిహేను రోజుల్లో వచ్చేశాడు. వాడికి 'రిటర్న్ టికెట్' అని పేరు పెట్టింది నేనే. ఊరంతా అదే పేరుతో పిలిచింది. ఆ రోజు వాడు కాయని గునపం మీద పొడుస్తూ నా వైపు చూసి నవ్వాడు. నాకు పెట్టడానికి వాడు పేరు ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

మా ఆవిడ మాత్రం కువైట్‌లో ఇంటిపని పట్టినట్టే ఈ పనీ పట్టింది. సంచికి ఏడు కిలోలే కాబట్టి దొడ్లో కాటా మీద తూచి తెమ్మంది. ఆవకాయ పెట్టుకుందామంటే వద్దంది, "అక్కడికెళ్ళి కూడా నేను వడ్డించాలా?" అని. రోజూ సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి, తను కుర్చీలో కూర్చుని ఆఫీసరు అయ్యేది.

"ఎందుకు వెళ్తున్నారు?"

"నిద్రపోవడానికండి."

"ఇదిగో, ఇందుకే ఆపుతారు. అక్కడ పరాచికాలు పనికిరావండి. మాతో వచ్చిన ఒకావిడ ఆఫీసరు ముందు ఏదో నవ్వుతాలకి అంటే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ ఏడుస్తుంటే మేం చూస్తూ వెళ్ళిపోయాం. అడిగిందానికే చెప్పండి. వాళ్ళు నవ్వినా మీరు నవ్వకండి."

"నన్ను ఆపేస్తే నువ్వు వెళ్ళిపోవే" అన్నాను ఒకరోజు, మాట తేలిగ్గా ఉండేలా చూసుకుని.

ఆవిడ పాస్‌పోర్టులు ప్లాస్టిక్ కవర్లో పెడుతోంది. కవరు మూసి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో పెట్టి, తాళం వేసింది.

వేళ్ళ మీద గీతలు మళ్ళీ రావాలని నేను ఒలుపు మానేశాను. పెళ్ళయ్యాక మొదటిసారి నెల్లాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. పూటకోసారి వేళ్ళకి కొబ్బరినూనె. రోజు మార్చి రోజు నెట్ సెంటర్‌కి వెళ్ళి అక్కడి వేలిముద్రల మెషీన్ మీద పెట్టి చూసుకునేవాణ్ణి. మొదటి వారం ఏమీ లేదు. మూడో వారంలో కుడి చూపుడు వేలు పడింది. ఆ పచ్చ లైటు ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఎడమది నాలుగోసారికి పడింది. ఆ అమ్మాయి మాకు టీలు తెప్పించింది.

అంతలో ఆషాఢం వచ్చింది. మా ఆవిడ ఇంటి పెరట్లో గోరింటాకు కోసి, రుబ్బి, తన చేతులకి పెట్టుకుంది. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు నీళ్ళలో నాని వేళ్ళు చెడిపోకుండా పెట్టుకుంటారు కదా, చర్మం గట్టిపడి నున్నగా అవుతుంది, మీకూ మంచిదేనని నా పది వేళ్ళ చివర్లకీ ముద్దలు పెట్టింది. నేనూ కాదనలేదు. చల్లగా ఉంది. తుడిచేసరికి వేళ్ళు ఎర్రగా, నల్లగా పండాయి. "బాగా పండింది, మొగుడు మంచివాడు దొరుకుతాడు" అని నన్ను నేనే ఆటపట్టించుకున్నాను. ఆ తర్వాత సెంటర్‌కి వెళ్ళి వేలు పెట్టాను. లైటు వెలగలేదు. తుడిచి పెట్టాను. వెలగలేదు. ఎడమది పెట్టాను. పది వేళ్ళూ పెట్టాను.

ఆ అమ్మాయి మెషీన్ వంక కాకుండా నా చేతుల వంక చూసింది. "అయ్యో బాబాయ్ గారూ. గోరింటాకు పెట్టుకుంటే మెషీన్ సరిగ్గా తీసుకోదండి. కొత్త పెళ్ళికూతుళ్ళతో ఆధార్ దగ్గర మాకు ఎప్పుడూ ఇదే గొడవ."

మా ఆవిడ నా పక్కనే ఉంది. తన వేలు పెట్టి చూసింది. రెండోసారికి పడింది. ఆవిడకి గీతలు ఉన్నాయి కదా. తన చేతులు చూసుకుంది, నావి చూసింది. ఎర్రగా ఉన్న తన చేతులు రెండూ కొంగులో దాచుకుంది. ఆ పని మొత్తంలో ఆవిడ భయపడగా నేను చూసింది అప్పుడే. ప్రయాణం ఇంక వారం ఉంది.

నిమ్మకాయతో తోమాను. పీచుతో తోమబోయి, ఉన్న చర్మం కూడా పోతుందని ఆపేశాను. రంగు కాస్త తగ్గిందనిపించేది, ఎండలో చూస్తే తగ్గినట్టుండేది కాదు. మూడోరోజు ఆవిడకి చెప్పకుండా ఒక్కణ్ణే సెంటర్‌కి వెళ్ళాను.

"అమ్మా, ఈ టికెట్లు వెనక్కి ఇచ్చేస్తే?"

"చవక టికెట్లు బాబాయ్ గారూ. వెళ్ళకపోతే పైసా రాదు. తేదీ మార్చినా మళ్ళీ కొత్త టికెట్టంత అవుతుంది." స్క్రీన్ మీంచి నా వైపు తిరిగి, "పిన్నిగారికి తెలుసా?" అంది.

"తెలియదు. తెలియనివ్వకు."

వెనక్కి తిరిగే దారి కూడా మూసుకుపోయాక ఇంటికి నడిచి వచ్చాను. కాలవ గట్టు మీద తెలిసినవాళ్ళు పలకరించారు. అందరికీ ఏదో ఒక సరదా మాట చెప్పాను. ఏం చెప్పానో ఒక్కటీ గుర్తులేదు.

విశాఖ విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే కౌంటరు దగ్గర మా ఆవిడ ముందు నిలబడింది. ముద్ర కొట్టారు, అటు వెళ్ళింది. నా పుస్తకం తీసుకున్న ఆఫీసరు గారు ఆ మూడు అక్షరాల దగ్గర ఆగారు. మనవాడే, తెలుగులోనే అడిగారు.

"ఏం పని చేస్తారు?"

"కొబ్బరికాయలు ఒలుస్తానండి."

"అక్కడా అదే పనికా?"

నాలిక చివరికి మూడు జవాబులు వచ్చాయి. మూడూ మింగాను. "కాదండి. మా ఆవిడకి సముద్రం చూపించడానికండి."

ఆయన తలెత్తారు. "సముద్రం ఇక్కడ లేదా?"

ఆ ప్రశ్న మా ఆవిడ నేర్పలేదు. బయట విశాఖ సముద్రం ఉంది, మాకు కాకినాడ సముద్రం ఉంది. ఉన్న మాటే చెప్పాను: "ఉందండి. ఇక్కడైతే చూసొచ్చాక ఆవిడే వండాలండి."

ఆయన నవ్వలేదు. రానూపోనూ టికెట్టు చూశారు, హోటలు కాగితం చూశారు, నా ఎర్రటి వేళ్ళు చూశారు. ఏమనుకున్నారో తెలియదు. ముద్ర పడింది. ఆ శబ్దానికి నేను ఉలిక్కిపడ్డాను.

విమానంలో నేను కిటికీ వంక చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను.

కౌలాలంపూర్‌లో మళ్ళీ ఆవిడ ముందు. రెండు వేళ్ళు పెట్టింది, అటు వైపు వెళ్ళింది. నా వంతు వచ్చింది. తలకి ముసుగు కట్టుకున్న ఆఫీసరమ్మ మెషీన్ చూపించింది. పెట్టాను. ఎర్ర లైటు. తుడిచి పెట్టమని సైగ చేసింది. పెట్టాను. ఎర్ర లైటు. ఆఫీసరమ్మ నా పాస్‌పోర్టు మళ్ళీ తెరిచి ఏదో అడిగింది, నాకు అర్థం కాలేదు. వెనక వరస పొడుగ్గా ఉంది. పక్కన నిలబడ్డ యూనిఫారమ్ మనిషి నా వైపు ఒక అడుగు వేశాడు. మా దొడ్లో వాళ్ళు చెప్పిన గది ఎక్కడుందోనని నా కళ్ళు వెతికాయి.

గీత అవతల మా ఆవిడ నిలబడి ఉంది. ముందుకు నడవమని ఎవరో చెప్తున్నారు. ఆవిడ వినడం లేదు. ఆ రోజు హైదరాబాద్‌లో అద్దం ఇవతల నుంచి సైగ చేసింది నేను, ఈసారి ఆవిడ. ఆవిడ చెయ్యెత్తి తన తల మీద వేలితో రుద్దుకుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

నాకు రేషన్ డీలరు గారు గుర్తొచ్చారు. తలకి నూనె రాసుకోకుండా గడప దాటే అలవాటు నాకు లేదు. కుడి చూపుడు వేలు జుట్టులో పెట్టి గట్టిగా రుద్ది, మెషీన్ మీద పెట్టాను. ఆఫీసరమ్మ వింతగా చూసింది. పచ్చ లైటు వెలిగింది. ఎడమది రుద్ది పెట్టాను. వెలగలేదు. మళ్ళీ రుద్దాను. వెలగలేదు. ఆఫీసరమ్మ నా చెయ్యి తిప్పమంది, అరచెయ్యి చూసింది. అక్కడ ఒలుపుకి కాసిన కాయలు చూసింది. తన గుడ్డతో మెషీన్ అద్దం మీది నూనె తుడుచుకుని, ఏదో టైపు చేసి, పుస్తకం నా చేతిలో పెట్టింది. నేను గీత దాటాను. అక్కడే కనబడ్డ ఒక కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ నీళ్ళ సీసా ఇచ్చింది.

పెనాంగ్‌లో మేం దిగిన హోటలు చవకది కాబట్టి గదిలోకి టీ తెచ్చేవాళ్ళు లేరు. మర్నాడు ఆవిడ తొమ్మిదింటి దాకా పడుకుంది. నేను కింద కొట్టు దగ్గరికి వెళ్ళి, వేలితో చూపించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి దారం వేలాడదీసిన టీ రెండు తెచ్చాను. రోడ్డు దాటితే సముద్రం గట్టు. సన్నగా తుంపర పడుతోంది. ఆవిడ గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని, ఆ సంచిలోంచి గొట్టంతో టీ తాగుతోంది. వేళ్ళకి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది.

భయం దిగాక నా నోరు మళ్ళీ నాకు వచ్చింది. నెల్లాళ్ళుగా జవాబు రాని ప్రశ్న ఉంది కదా, దాన్ని కాస్త గొప్పగా అడిగాను.

"చూశావా, నేను గట్టెక్కాను కాబట్టి నువ్విక్కడ కూర్చున్నావు. నన్ను ఆపేసుంటే ఏం చేసేదానివే?"

ఆవిడ సముద్రం మీంచి చూపు తిప్పలేదు.

"ఇక్కడికి ఒక్కదాన్నే వచ్చేసేదాన్నండి. మీరు లేకుండా ఆరేళ్ళు విదేశంలో పని చేసొచ్చినదాన్ని, నాలుగు రోజులు కూర్చుని రాలేనా?"